టోఫు రుచిగా రావాలంటే ఏం చేయాలి? మా ఇంట్లో ఎవరూ తినడం లేదు

కాకినాడ_కాజా:
అందరికీ నమస్తే. మా మామగారికి ఏడాది నుంచి పాలు, పనీర్ అసలు పడటం లేదు, తిన్న గంటకే కడుపు ఉబ్బరం. ఆయనకేమో పాలక్ పనీర్ అంటే ప్రాణం. పనీర్ బదులు టోఫు (సోయా పాలు విరగ్గొట్టి చేసేది) వేసుకోవచ్చని ఆఫీసులో ఒకావిడ చెబితే సూపర్‌మార్కెట్ నుంచి 200 గ్రాముల ప్యాకెట్లు మూడు తెచ్చాను. పనీర్‌ని ఎలా చేస్తానో అలాగే చేశాను, ముక్కలు కోసి, పాలకూర గ్రేవీ ఉడుకుతుండగా వేసి, అయిదు నిమిషాలు మూత పెట్టాను. గ్రేవీ ఏమో నీళ్ళనీళ్ళగా అయిపోయింది, ముక్క కొరికితే లోపల తెల్లగా, చప్పగా, పచ్చి చిక్కుడు గింజల వాసన. మామగారు ఒక్క మాట అనలేదు, ముక్కలన్నీ కంచం అంచుకి జరిపేసి పాలకూర మాత్రం కలుపుకుని తిన్నారు. నాకు చాలా బాధేసింది. మర్నాడు నూనెలో వేపి చూశాను, బాండీకి అతుక్కుని చితికిపోయాయి, నూనె స్టవ్ అంతా చిమ్మింది. ఇంకో ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంది. వండటం బాగా వచ్చినవాళ్ళు మొదటి నుంచి చెప్పండి ప్లీజ్.

ఉలవచారు:
మేమూ రెండుసార్లు ట్రై చేసి మానేశాం అండి. నా మటుకు నాకు మీల్ మేకరే నయం, కనీసం పులుసు పీల్చుకుంటుంది. టోఫుకి రుచే లేదు కదా. ఎవరైనా చెబితే నేనూ నేర్చుకుంటాను.

పెనం_మీద_అట్టు:
కాజా గారూ, మీ తప్పేం లేదు, అందరం మొదటిసారి అదే చేస్తాం, ఎందుకంటే చూడటానికి పనీర్‌లా ఉంటుంది. కానీ రెండూ వేరే వేరే సరుకులు అనుకుంటేనే దారిలో పడతాం. పనీర్‌లో పాల కొవ్వు దండిగా ఉంటుంది, కాస్త పాల తీపి ఉంటుంది, ఊరికే ఉప్పు కారం చల్లుకుని తిన్నా బాగుంటుంది. టోఫులో ఆ కొవ్వు పనీర్‌లో ఉన్నంత ఉండదు, ఉప్పు అసలే ఉండదు, గట్టి టోఫు అని అమ్మేదాంట్లో కూడా మూడొంతులకి దగ్గరగా నీళ్ళే. ముక్క నిండా నీళ్ళుంటే ఇక గ్రేవీ ఎక్కడికి పోతుంది చెప్పండి? పైపెచ్చు లోపలి నీళ్ళు బయటికొచ్చి మీ పాలకూరని పలచన చేశాయి. నూనె చిమ్మింది కూడా ఆ నీళ్ళ వల్లే.

కాబట్టి చేయాల్సినవి మూడు పనులు. నీళ్ళు తీయాలి, ఉప్పు ఎక్కించాలి, లేని కొవ్వుని మనం ఇవ్వాలి. ఇందులో ఏది మానేసినా రుచి రాదు.

నీళ్ళు తీయడానికి నేను చేసేది ఇది. ప్యాకెట్ కోసి నీళ్ళు వంపేసి, ముక్కని పొడుగ్గా రెండు పలకలుగా కోస్తాను (మందంగా ఉంటే మధ్యలో తడి అలాగే ఉండిపోతుంది). పాత నూలు పంచె గుడ్డ మడత పెట్టి అందులో పలకలు పెట్టి, పైన ఒక పళ్ళెం, దాని మీద రెండు లీటర్ల నీళ్ళున్న గిన్నె. అరగంట చాలు. మొదట్లోనే మరీ బరువు పెడితే అంచులు పగులుతాయి, అందుకని ముందు పది నిమిషాలు ఖాళీ గిన్నె పెట్టి తర్వాత నీళ్ళు పోస్తాను. ఒకసారి తూచి చూశాను, 200 గ్రాములది 170కి వచ్చింది, గుడ్డ పిండితే నీళ్ళు కారాయి. ఆ 30 గ్రాముల నీళ్ళు మీ బాండీలో పడకుండా ఆగిపోయాయన్న మాట.

సీమ_మిరప:
అక్కా, బరువు పెట్టడం మంచిదే కానీ నాకు ఇంతకన్నా తేలికైనది, రుచిలో కూడా మెరుగైనది ఒకటి ఉంది. లీటరు నీళ్ళు మరిగించి రెండు పెద్ద చెంచాల ఉప్పు వేసి స్టవ్ ఆపేసి, కోసిన ముక్కల్ని అందులో పదిహేను నిమిషాలు వదిలేస్తాను. తర్వాత జల్లిగిన్నెలో వంపి, గుడ్డ మీద పరిచి ఒక పది నిమిషాలు ఆరనిస్తాను. నీళ్ళు పోగొట్టడానికి నీళ్ళలో వేయడం ఏంటి అని మా ఆవిడ కూడా అడిగింది. ఉప్పునీళ్ళు ముక్క పైపొరలోని తడిని బయటికి లాగుతాయి, ముక్క వేడిగా ఉంటుంది కాబట్టి బయట పెట్టగానే ఆ తడి ఆవిరైపోతుంది. దానికి తోడు ఉప్పు పడుతుంది, పచ్చి వాసన కూడా చాలా వరకు నీళ్ళలోకి పోతుంది. బరువు పెడితే నీళ్ళు పోతాయి సరే, ఉప్పు ఎక్కడ పడుతుంది?

పెనం_మీద_అట్టు:
ఉప్పు సంగతి నిజమే తమ్ముడూ, నేను బరువు పెట్టాక పైన ఉప్పు చల్లి ఇంకో పది నిమిషాలు ఉంచుతాను. కానీ నీ పద్ధతిలో లోపలి తడి అంతగా పోదు, ముక్క మెత్తగానే ఉంటుంది. కూరలోకి అది బాగుంటుంది, వేపుడుకి మాత్రం నాకు బరువే నచ్చుతుంది. ముక్క నమిలితే పంటి కింద తెలియాలి.

డల్లాస్_బాండి:
ఇద్దరూ చెప్పింది కరెక్టే, ఏ టోఫు ఏ కూరకి అన్నదాన్ని బట్టి ఉంటుంది. చైనాలో సిచువాన్ వంట ఒకటి ఉంది, మాపో టోఫు అని, చెంగ్డూ ఊళ్ళో 19వ శతాబ్దంలో ఒక హోటల్ నడిపిన చెన్ అనే ఇంటి ఆవిడ పేరుతో వచ్చింది. మాపో అంటే మొహం మీద మచ్చలున్న ముసలమ్మ అట. అందులో వాడేది మెత్తటి టోఫు, దాన్ని అసలు నొక్కరు, సీమ_మిరప గారు చెప్పినట్టే ఉప్పేసిన వేడినీళ్ళలో కాసేపు ఉంచి తర్వాత ఎర్రటి కారం గ్రేవీలో దించుతారు. ముక్క విరగకుండా గట్టిపడుతుంది, లోపల మాత్రం వెన్నలా ఉంటుంది.

ఇక్కడ అమెరికాలో సిల్కెన్, సాఫ్ట్, ఫర్మ్, ఎక్స్‌ట్రా ఫర్మ్, సూపర్ ఫర్మ్ అని, బాగా మెత్తటిదాని నుంచి బాగా గట్టిదాని దాకా ఇన్ని రకాలు పెడతారు. నేను వచ్చిన కొత్తలో సిల్కెన్ తెచ్చి వేపుడు చేయబోయాను, మొత్తం గుజ్జయిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా, సూపర్ ఫర్మ్ దొరికితే అదే కొనండి, అది నీళ్ళలో కాకుండా గాలి తీసేసిన ప్యాకెట్‌లో వస్తుంది, తుడిచి కోసేయడమే, నొక్కే పనే ఉండదు. ఇండియాలో దొరుకుతుందా?

కాకినాడ_కాజా:
మాకు కూకట్‌పల్లిలో దొరికేది ఒకే రకం, సోయా పనీర్ అని రాసి ఉంది, ఫర్మ్ అని కూడా లేదు. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది.

పెనం_మీద_అట్టు:
అదే ఫర్మ్. ఇక్కడ చాలావరకు అదే అమ్ముతారు. ఆ నొక్కి చూసే పద్ధతి మంచిది, వేలి గుంట అలాగే ఉండిపోతే మెత్తటిది, దానితో పొరటు చేసుకోండి.

వేపేటప్పుడు ఎందుకు అతుక్కున్నాయో కూడా చెబుతాను. మూకుడు సరిగ్గా కాగకముందే వేసి ఉంటారు, వేసిన అర నిమిషానికే అట్లకాడతో కదిపి ఉంటారు. టోఫు దోసె లాంటిది అనుకోండి. దోసె అంచులు లేవకముందే తీస్తే చిరుగుతుంది కదా, ఇదీ అంతే, అడుగున ఎర్రటి పొర కట్టేదాకా పెనాన్ని వదలదు, కట్టాక తనంతట తనే వదిలేస్తుంది. ఇనప పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, నూనె పలచబడి అటూ ఇటూ పరుగెత్తుతున్నప్పుడు ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. చుయ్‌మని గట్టిగా మోగుతుంది. ఆ మోత ముక్కలోని నీళ్ళు ఆవిరవుతున్న శబ్దం, అది సన్నబడేదాకా చెయ్యి పెట్టకండి, మీడియం మంట మీద మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పెనాన్ని కొంచెం ఊపండి, ముక్క జారితే తిప్పే టైమ్ వచ్చింది, జారకపోతే ఇంకో నిమిషం ఆగండి. నాన్‌స్టిక్ అయితే ఇంకా సులువు, కానీ ఆ ఎర్రటి రంగు ఇనప పెనం మీద వచ్చినట్టు రాదు.

పచ్చికొబ్బరి:
నేను బెంగళూరులో పీజీలో ఉంటాను, ఒక ఇండక్షన్ స్టవ్, ఒక చిన్న ప్యాన్ అంతే. ప్రొటీన్ కోసం వారానికి నాలుగు రోజులు టోఫునే. నాకు పనికొచ్చింది ఒకటి చెబుతాను, కత్తితో కోయకుండా చేత్తో తుంచండి. తుంచితే అంచులు గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటాయి కదా, ఆ గుంటల్లో కారం, పిండి అన్నీ పట్టుకుంటాయి, వేపితే అంచులన్నీ కరకరలాడతాయి. కత్తితో కోసిన ముక్క నున్నగా ఉండి మసాలా జారిపోతుంది. దీనికి కత్తి కూడా అక్కర్లేదు, హాస్టల్ వాళ్ళకి ఇంకా మంచిది.

సీమ_మిరప:
తుంచడం సూపర్ ఐడియా. ఈ ఆదివారమే చేస్తా.

ఉలవచారు:
మరి మసాలా ముందు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాలి అంటారు కదా, చికెన్‌కి పెట్టినట్టు? నేను అలా పెట్టాను, నూనె, కారం, అల్లం వెల్లుల్లి అన్నీ పట్టించి రాత్రంతా. పొద్దున కోసి చూస్తే లోపల అదే తెలుపు.

పెనం_మీద_అట్టు:
నూనె కలిపినందువల్ల అండి. ముక్క నిండా నీళ్ళుంటే నూనె లోపలికి వెళ్ళదు, పైన పొరలా ఉండిపోతుంది. సోయా సాస్, నిమ్మరసం, చింతపండు రసం, ఉప్పునీళ్ళు ఇలాంటి నీటి సరుకైతే కొంచెం లోపలికి దిగుతుంది, అదీ పై అంచు వరకే. నన్నడిగితే ముందు నానబెట్టడం మీద అంత టైమ్ పెట్టక్కర్లేదు. ముందు బాగా వేపి, వేడి వేడిగా ఉన్నప్పుడే పులుసులోనో సాస్‌లోనో వేయండి. వేపిన ముక్క పైపొర ఎండి చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది, అప్పుడు పీలుస్తుంది. పూరీ పాకంలో వేసినట్టు. ముందు వేపు, తర్వాత రుచి.

డల్లాస్_బాండి:
లోపలిదాకా పులుసు పట్టాలంటే ఫ్రీజర్ పద్ధతి ఒకటే. ఉలవచారు గారికి మీల్ మేకర్ ఇష్టం అన్నారు కాబట్టి ఇది ఆయన కోసమే రాస్తున్నాను. ప్యాకెట్‌ని అలాగే ఫ్రీజర్‌లో ఒక రోజంతా పెట్టేయండి. బయటికి తీస్తే పసుపుపచ్చగా, పాత ఏనుగు దంతం రంగులో ఉంటుంది, పాడైందేమో అని కంగారు పడకండి, కరిగాక మళ్ళీ తెల్లబడుతుంది. లోపలి నీళ్ళు మంచు గడ్డలై వ్యాకోచించి ముక్కంతా రంధ్రాలు చేస్తాయి. పూర్తిగా కరగనిచ్చి రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా పిండండి, స్పాంజిలాగా నీళ్ళు కారిపోతాయి. కోసి చూస్తే పొరలు పొరలుగా, రొట్టెలో గుల్లలున్నట్టు ఉంటుంది. దాన్ని చేపల పులుసు పెట్టే పద్ధతిలోనే పెడతాను నేను. ఉల్లిపాయ ముద్ద వేపి, చింతపండు పులుసు, కారం, ధనియాలు, మెంతిపిండి వేసి పులుసు బాగా మరిగి నూనె తేలాక పిండిన టోఫు వేసి సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు. మర్నాడు పొద్దున అన్నంలో తింటే ఇంకా బాగుంటుంది, ముక్క కొరికితే పులుసు నోట్లోకి కారుతుంది.

జపాన్‌లో కోయా కొండ మీది మఠాల్లో చలికాలం మంచులో టోఫుని ఇలాగే గడ్డకట్టించి ఎండబెట్టి నిలవ చేసేవారు, కోయా డోఫు అని ఇప్పటికీ అమ్ముతారు.

తీపిగుమ్మడి:
అవునండి, నేను టోక్యోలో మూడేళ్ళున్నాను, ఆ కోయా డోఫు ఎండు బిస్కెట్టులా తేలిగ్గా ఉంటుంది, వేడినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది.

అక్కడే నాకు ఇంకో సంగతి తెలిసింది, టోఫుని వండకుండా కూడా తింటారు. ఎండాకాలం చల్లటి మెత్తటి టోఫు ముక్క మీద తురిమిన అల్లం, ఉల్లికాడలు, సోయా సాస్ వేసి ఇస్తారు, హియయక్కో అంటారు. మొదట్లో నాకు ఎక్కలేదు. తర్వాత ఒకరోజు ఇంట్లో పెరుగు పచ్చడి చేసినట్టు చేశాను. సిల్కెన్ టోఫుని పళ్ళెంలోకి బోర్లించి, ఆవిరి మీద అయిదు నిమిషాలు పెట్టి, చేరిన నీళ్ళు వంపేసి, ఉప్పు చల్లి, పైన నువ్వుల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం తురుము, కరివేపాకు, ఇంగువ పోపు వేడి వేడిగా పోసేశాను. కరివేపాకు చిటపటలాడుతూ ఆ తెల్లటి ముక్క మీద పడింది, నూనె పక్కలకి జారి పళ్ళెంలో నిలిచింది. చెంచాతో తీసుకుని వేడి అన్నంలో కలుపుకున్నాం. మా అమ్మ వచ్చినప్పుడు ఇది ఏంటో చెప్పకుండా పెడితే జున్ను అనుకుంది.

సిల్కెన్ ఇంత మెత్తగా ఎందుకుంటుందంటే దాన్ని గుడ్డలో వేసి నీళ్ళు పిండరు, సోయా పాలు డబ్బాలో పోసి అందులోనే పెరుగులా తోడుకోనిస్తారు.

నిజామాబాద్_నేల:
మా దగ్గర సోయా పంటే కాబట్టి ఇంట్లో చేసే పద్ధతి రాస్తాను. నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ వైపు జూన్ వానలకి సోయా వేస్తాం, వంద రోజులు అటూ ఇటూగా కోతకొస్తుంది. పండేది దాదాపు అంతా నూనె మిల్లులకే పోతుంది, పిండి కోళ్ళ దాణాకి. మేం పండించి మేం తినం. అది నాకు బాధగా ఉండేది, అందుకే నేర్చుకున్నాను.

పావు కిలో సోయా గింజలు రాత్రి నానబెట్టాలి, ఎనిమిది నుంచి పది గంటలు, ఎండాకాలం ఆరు చాలు, లేకపోతే పులుస్తుంది. నానినాక గింజని రెండుగా చీలిస్తే లోపల మధ్య భాగం కూడా ఒకే రంగులో ఉండాలి. నీళ్ళు పారబోసి కడిగి, రెండు లీటర్ల నీళ్ళతో కొంచెం కొంచెంగా మిక్సీలో మెత్తగా రుబ్బి, పల్చటి నూలు గుడ్డలో వడగట్టి బాగా పిండాలి. వచ్చిన పాలని పెద్ద గిన్నెలో కాచాలి. పెద్దది అని ఎందుకంటున్నానంటే సోయా పాలు మామూలు పాలకన్నా గబుక్కున నురగ లేచి పొంగుతాయి, సగం ఖాళీ ఉండాలి, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. మొదటి పొంగుతో ఆపకండి, అది నురగ మాత్రమే, పాలు ఇంకా ఉడకలేదు. మంట తగ్గించి మరో పది నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి సోయాలో మనం తిన్న ప్రొటీన్‌ని అరగనివ్వని గుణం ఉంది, బాగా మరిగితేనే పోతుంది.

తర్వాత దించి అయిదారు నిమిషాలు ఆగాలి, 80 డిగ్రీల దగ్గరికి రావాలి. రెండు చిన్న చెంచాల నిగారి ఒక కప్పు నీళ్ళలో కరిగించి, మూడు విడతలుగా పోస్తూ ఒక్కసారి మెల్లగా తిప్పి వదిలేయాలి. నిగారి అంటే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీశాక మిగిలే చేదు నీటి సరుకు, మెగ్నీషియం క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది, ఆన్‌లైన్‌లో తినే గ్రేడు అని చూసి కొనాలి. అది లేకపోతే మూడు నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసం, కానీ కొంచెం పులుపు వస్తుంది, ముక్క పొడిపొడిగా ఉంటుంది. పావుగంటకి తెల్లటి గడ్డలు, పసుపు రంగు తేట నీళ్ళు వేరవుతాయి. నీళ్ళు ఇంకా పాలలా తెల్లగా ఉంటే విరగడం పూర్తి కాలేదన్న మాట, ఇంకొంచెం నిగారి పోయండి. గుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలో వేసి మూట కట్టి, కిలో బరువు ఇరవై నిమిషాలు పెడితే గట్టి టోఫు. పావు కిలో గింజలకి మాకు 350 గ్రాముల పైన వస్తుంది. ఆ రోజు తిన్న టోఫుకి, వారం నాటి ప్యాకెట్‌కి పోలికే లేదు, తాజాది కొంచెం తియ్యగా ఉంటుంది, నేను ఉప్పు వేసుకుని ఊరికే తినేస్తాను.

కాకినాడ_కాజా:
మీరు రాసింది చదువుతుంటే ఇప్పుడే నానబెట్టాలనిపిస్తోంది. ఆ చిక్కుడు వాసన మాత్రం ఇంట్లో చేస్తే రాదా?

నిజామాబాద్_నేల:
వస్తుందండి, ఇంకా ఎక్కువే వస్తుంది, జాగ్రత్త పడకపోతే. గింజ చల్లటి నీళ్ళలో నలిగిన క్షణం నుంచి అందులోని ఒక ఎంజైమ్ గింజలోని కొవ్వు మీద పనిచేసి ఆ వాసన పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పోతుంది. అందుకని నానిన గింజల్ని మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు వేసి తీసి, అప్పుడు రుబ్బుతాను. దీనివల్ల పాలు కొంచెం తక్కువ దిగుతాయి, టోఫు కూడా ఓ 30 గ్రాములు తగ్గుతుంది, కానీ వాసన బాగా తగ్గుతుంది, నాకు ఆ బేరం నచ్చింది. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే మాత్రం పాలు సరిగ్గా రావు. కొన్న ప్యాకెట్‌కైతే సీమ_మిరప గారి ఉప్పునీళ్ళే మందు.

గుడ్డలో మిగిలిన పిప్పి పారేయకండి. అందులో పీచు, ప్రొటీన్ ఇంకా ఉన్నాయి. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి వడలు వేయండి, లేదా పెనం మీద నూనె లేకుండా పొడిగా వేపి ఉప్మాలోనో సర్వపిండిలోనో కలపండి. తడిగా ఉంటుంది కాబట్టి ఆ రోజే వాడాలి, లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఉలవచారు:
సర్వపిండిలోనా! అది చేసి చూస్తాను.

పచ్చికొబ్బరి:
మా అమ్మకి థైరాయిడ్, సోయా తినకూడదు అంటున్నారు. నిజమేనా?

తీపిగుమ్మడి:
నాకూ థైరాయిడ్ ఉంది. మా డాక్టర్ మానేయమనలేదు, థైరాయిడ్ మాత్ర ఒంట్లోకి ఎక్కకుండా సోయా అడ్డుపడుతుంది కాబట్టి పొద్దున పరగడుపున మాత్ర వేసుకుని, సోయా తినడానికి నాలుగు గంటలైనా గ్యాప్ ఇవ్వమన్నారు. మీ అమ్మగారిని వాళ్ళ డాక్టర్‌నే ఒకసారి అడగమనండి.

సోయా అసలే పడనివాళ్ళకి ఒకటి ఉంది, బర్మాలో షాన్ ప్రాంతంలో శనగపిండితో టోఫు చేస్తారు. శనగపిండి, పసుపు, ఉప్పు నీళ్ళలో కలిపి గరిట తిప్పలేనంత చిక్కగా ఉడికించి పళ్ళెంలో పోసి చల్లారబెడితే గడ్డకట్టి ముక్కలు కోయడానికి వస్తుంది. విరగ్గొట్టడం, పిండటం ఏవీ లేవు. వేపితే పైన కరకర, లోపల మెత్తన.

సీమ_మిరప:
ఆదివారం చేశాను! తుంచి, ఉప్పునీళ్ళలో ఉంచి, ఆరబెట్టి, ముక్కల మీద రెండు చెంచాల బియ్యప్పిండి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, కారం, పసుపు చల్లి గిన్నెని ఎగరేసి కలిపాను, చెయ్యి పెట్టలేదు. నీళ్ళు అసలు కలపలేదు, ముక్క తడికే పిండి అంటుకుంటుంది. బియ్యప్పిండి ఉంటే కరకర ఎక్కువసేపు నిలుస్తుంది, ఒక్క కార్న్‌ఫ్లోర్ అయితే పది నిమిషాలకే మెత్తబడుతుంది. వేపి తీసి పక్కన పెట్టి, అదే నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, స్టవ్ కట్టేసి, రోట్లో దంచిన వెల్లుల్లి కారం వేసి, వెంటనే ముక్కలు వేసి తిప్పాను. స్టవ్ మీదుంటే వెల్లుల్లి మాడి చేదొస్తుంది, కట్టేశాకే వేయాలి. మా పిల్లలు పప్పన్నంలో నంజుకుని మొత్తం ఖాళీ చేశారు, నాకు నాలుగు ముక్కలు మిగిలాయి.

డల్లాస్_బాండి:
మేం ఎయిర్ ఫ్రైయర్‌లో 200 డిగ్రీల మీద పదహారు నిమిషాలు పెడతాం, మధ్యలో ఒకసారి ఊపాలి. ఒక చెంచా నూనె పట్టించకపోతే మాత్రం పిండి తెల్లగా పొడిలా ఉండిపోతుంది.

పెనం_మీద_అట్టు:
కాజా గారూ, మీ మామగారి పాలకూర సంగతికి వస్తాను, అసలు ప్రశ్న అదే కదా. ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్‌ని బరువు పెట్టి, ముక్కలు కోసి, ఉప్పు చల్లి, చిటికెడు పసుపుతో పెనం మీద రెండు వైపులా ఎర్రగా వేపి తీయండి. పాలకూరలో పనీర్ వేస్తే పాల కొవ్వు గ్రేవీకి కమ్మదనం ఇచ్చేది, ఇప్పుడు అది లేదు కాబట్టి పది జీడిపప్పులు నానబెట్టి మెత్తగా రుబ్బి వేయండి. జీడిపప్పు వద్దనుకుంటే వేపిన పల్లీల ముద్ద, నువ్వుల ముద్ద ఏదైనా సరే. గ్రేవీని మామూలు కన్నా గట్టిగా దగ్గరకి రానిచ్చి, ఉప్పు రవ్వంత ఎక్కువ వేసి, ముక్కలు చివర వేసి మూడు నిమిషాలు ఉంచండి. దించాక కసూరి మెంతి నలిపి, నాలుగు చుక్కల నిమ్మరసం.

ఇంకో మాట. ఆయనకి పనీర్ గుర్తొచ్చేలా చేయాలని పట్టుపట్టకండి. గోంగూరలో వేసి చూడండి, గోంగూర పులుపుకి టోఫు చప్పదనం భలే కుదురుతుంది. కార్తీక మాసంలో మా ఇంట్లో ఉల్లి వెల్లుల్లి లేకుండా చేస్తాను, అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు, ఇంగువ, నువ్వుల పొడి.

ఉలవచారు:
గుడ్డు పొరటులా చేయొచ్చా? మా ఆవిడ గుడ్డు తినదు.

పచ్చికొబ్బరి:
నేను రోజూ చేసేది అదే అంకుల్. టోఫుని చేత్తో చిదిమి, ప్యాన్‌లో నూనె లేకుండా ముందు మూడు నిమిషాలు వేపి తడి పోగొట్టండి. తర్వాత ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు, కారం మామూలే. చివర్లో నల్లుప్పు చిటికెడు వేయండి, అచ్చం గుడ్డు వాసన వస్తుంది. నల్లుప్పు స్టవ్ కట్టేశాకే, ముందే వేసి మరిగిస్తే ఆ వాసన పోతుంది. మీ ఆంటీకి గుడ్డు వాసన కూడా పడకపోతే మామూలు ఉప్పు వేసేయండి.

కాకినాడ_కాజా:
అందరికీ చెప్పాలని ఆగలేకపోయాను. నిన్న రాత్రి పెనం_మీద_అట్టు గారు చెప్పినట్టే చేశాను. బరువు అరగంట పెట్టాను, గుడ్డ నిజంగా తడిసి ముద్దయింది. పెనం మీద పెట్టాక చెయ్యి దురద పుట్టింది కానీ కదపలేదు, చుయ్‌మనే మోత తగ్గేదాకా నిలబడి చూశాను, ఊపితే ముక్క జారింది! తిప్పితే నిమ్మపండు రంగు మీద ఎర్రటి మచ్చలు. జీడిపప్పు ముద్ద వేయడంతో గ్రేవీ ఈసారి ముక్కని పట్టుకుని ఉంది. మామగారు మొదట ఒక ముక్క తీసి పక్కన పెట్టారు, నా గుండె జారిపోయింది. తర్వాత చూస్తే దాన్ని ఆఖర్న తిందామని దాచుకున్నారు. ఇవాళ పొద్దున "ఆ కూర మిగిలిందా అమ్మా" అని అడిగారు.

ప్యాకెట్‌లో సగం మిగిలింది. ఎన్ని రోజులు ఉంటుంది, ఎలా పెట్టాలి?

నిజామాబాద్_నేల:
చాలా సంతోషం అండి. మూత ఉన్న డబ్బాలో మునిగేలా మంచినీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, నీళ్ళు రోజూ మార్చండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. పైన జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయాలి. వాడే ముందు మళ్ళీ నొక్కడం మర్చిపోకండి.

కాకినాడ_కాజా:
సరేనండి. రేపు గోంగూర తెస్తున్నాను.